మూడో యాంటెనా

మైకు మళ్లీ పోయింది. దమయంతి "ముల్కీ" అన్నంతవరకు బాగానే పలికింది. ఆ తర్వాతి "నిబంధనలు" అన్న మాటను స్పీకర్లు కరకరమని నమిలేశాయి. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులో, మొదటి అంతస్తులో ఉన్న కోచింగ్ హాలది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు చివరి బెంచీ దాకా ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. ముందు వరుసలవాళ్లకు ఆమె సన్నటి గొంతు అందింది. వెనకవాళ్లు పెన్నులతో డెస్కుల మీద కొట్టడం మొదలుపెట్టారు. కోచింగ్ నడిపే విఠల్ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాడు. ఇక లాభం లేదనుకుని పక్క బిల్డింగులో ఉండే ఉమాకాంత్‌కి ఫోన్ కొట్టాడు.

ఉమాకాంత్‌ని ఆ సందులో అందరూ వైర్‌లెస్ సార్ అంటారు. నారాయణగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, సాయంత్రాలు తన ఇంటి డాబా మీద పీహెచ్‌డీ ప్రయోగాలు చేసుకుంటాడు. ఎవరింట్లో వైఫై అందకపోయినా, ఏ గణపతి మండపంలో స్పీకరు కుయ్యోమన్నా ఆయనకే కబురు. అడిగితే కాదనడు. అడగకపోయినా చెబుతాడు. ఆ రోజు కూడా ఫోన్ రాగానే ప్రయోగం స్విచ్ ఆపాడు. మనిషి పక్కన లేకుండా ట్రాన్స్‌మిటర్ నడవకూడదని ఆయన గైడ్ మాధురి మేడం నియమం. ల్యాప్‌టాప్ మూసి, చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

ముందు బ్యాటరీలు మార్చాడు. రిసీవర్ పెట్టె మీద పచ్చలైటు చూశాడు. మైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అన్నాడు. హాలు చివరిదాకా ఖంగుమని వినబడింది. ఇంకోసారి అన్నాడు, ఇంకా బాగా వినబడింది. తన గొంతు అంత పెద్ద హాల్లో అలా మోగడం ఆయనకు నచ్చింది కూడా. మైకు దమయంతికి ఇచ్చి మాట్లాడమన్నాడు. ఆమె రెండు వాక్యాలు చెప్పింది, వినబడింది. తర్వాత ఆయన ఆమె చేతి వంక చూశాడు.

"మైకుకేం కాలే విఠల్ గారు. పట్టుకునుడుల ఉన్నది."

అంటూనే చెయ్యి చాచి మైకు అందుకున్నాడు. దమయంతి వేళ్లు ఇంకా పూర్తిగా వదల్లేదు. కొంచెం గట్టిగానే లాగాడు. పిల్లల వైపు తిరిగి, తన క్లాసులో పరికరం చూపించినట్టు పైకెత్తి చూపించాడు. మైకు తోకలోనే యాంటెనా ఉంటుందని, మేడం దాన్ని గుప్పిట్లో మూసేస్తున్నారని, అందుకే సిగ్నల్ చచ్చిపోతున్నదని చెప్పాడు. ఇట్ల నడుమ పట్టుకోవాలె అని రెండుసార్లు చేసి చూపించాడు. వెనక బెంచీల్లోంచి ఎవరో, మేడంకు ప్రాక్టికల్స్ పెట్టాలె సార్ అన్నారు. హాలంతా నవ్వింది. ఉమాకాంత్ కూడా నవ్వాడు.

దమయంతి "సరే సార్" అంది. మైకును ఆయన చూపించినట్టే నడుమ పట్టుకుని, ఎక్కడ ఆపిందో అక్కడినుంచి పాఠం మొదలుపెట్టింది. ఆమె చెవులు ఎర్రబడటం ముందు బెంచీలో కూర్చున్న ఆడపిల్లలు చూశారు. అప్పటికి ఉమాకాంత్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం మైకు మళ్లీ పోయింది. విఠల్ ఫోన్ చేస్తే ఉమాకాంత్ ఈసారి దిగి రాలేదు. డాబా మీద లెక్కలు కుదురుతున్న వేళ అది. నిన్ననే చెప్పిన గద విఠల్ గారు, మేడంకు అలవాటు కావాలె, జర ఓపిక పట్టుండ్రి అన్నాడు. విఠల్ ఓపిక పట్టే వ్యాపారంలో లేడు. పిల్లలు బ్యాచ్ మధ్యలో లేచి అశోక్‌నగర్‌లో ఇంకో కోచింగ్‌కు పోతే మళ్లీ రారు. గురువారం నాటికి దమయంతి స్థానంలో ఇంకో సారు వచ్చాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది.

ఈ కబురు భార్య నర్మద చెబితే ఉమాకాంత్ అయ్యో పాపం అన్నాడు. నిజంగానే అన్నాడు. అని, సోమవారం యూనివర్సిటీలో చెప్పాల్సిన సెమినార్ పేజీలు తిప్పుకున్నాడు. అదైపోతే థీసిస్ ఇచ్చేయొచ్చు.

ఆయన పని చెప్పుకుంటే చిన్నదే. గాలిలో రేడియో దారులన్నిటికీ హక్కుదారులున్నారు. హక్కున్నవాళ్లు అన్నివేళలా మాట్లాడరు. వాళ్లు ఊరుకున్నప్పుడు ఆ దారిని ఇంకొకరు వాడుకుని, వాళ్లు నోరు విప్పగానే తప్పుకోవాలి. తప్పుకోవాలంటే ముందు వినాలి. వినేందుకు ఉమాకాంత్ డాబాకు నాలుగు వైపులా నాలుగు యాంటెనాలు బిగించాడు, ఒక్కోదాని కింద టిఫిన్ డబ్బా అంత రిసీవరు. నాలుగూ కలిసి దారి ఖాళీ అని తేలిస్తేనే ట్రాన్స్‌మిటర్ ఒక్క క్షణం పలుకుతుంది. ఆగి మళ్లీ వింటుంది.

చిక్కల్లా రొదతో. ఎవరూ మాట్లాడకపోయినా ప్రతి రిసీవరూ లోలోపల సుయ్‌మంటూనే ఉంటుంది. పుస్తకాలు అన్నిటి రొదా సమానమనుకుని లెక్కలు రాస్తాయి. డాబా మీద అట్లా ఉండదు. ఒకటి ఎండకు వేడెక్కుతుంది, ఒకటి లిఫ్టు మోటారు పక్కన ఉంటుంది. ఆ ఎగుడుదిగుడును తట్టుకుని కూడా సరిగా వినే పద్ధతి ఉమాకాంత్ కనిపెట్టాడు. ముఖ్యంగా మూడో రిసీవరు. మిగతా మూడింటి కన్నా దాని రొద చాలా ఎక్కువ. అంత పాడు రిసీవరును కూడా తన పద్ధతి కలుపుకుని పోతున్నదని ఆయనకు గర్వం. ల్యాబ్‌లో పుట్టించలేని ఉదాహరణ దొరికింది నీకు అని మాధురి మేడం కూడా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఆయన నర్మదకు చెప్పాడు, కాలేజీలో చెప్పాడు, ఫోన్ చేసి తమ్ముడికీ చెప్పాడు.

గురువారం సాయంత్రం ఆ మూడో రిసీవరు రొద ఉన్నట్టుండి పడిపోయింది. తెర మీద నాలుగు గీతలు ఒకే ఎత్తులో, బుద్ధిమంతుల్లా సాగుతున్నాయి. ఉమాకాంత్‌కి ముందు కోపం వచ్చింది. సెమినార్ ముందర చెడిపోవాలా ఇది అనుకున్నాడు. కేబుల్ మార్చాడు. రెండో రిసీవరును మూడోదాని చోట పెట్టి చూశాడు. ఏం మార్చినా నాలుగూ సమానంగానే ఉన్నాయి. మిగిలింది యాంటెనా ఒక్కటే. అది పిట్టగోడ అవతలి వైపు ఇనప గొట్టానికి బిగించి ఉంది. పొట్ట గోడకు ఆనించి, కిందికి వంగి దాని మర తిప్పబోయాడు.

వంగితే కోచింగ్ హాలు కిటికీ ఎదురుగా ఉంది. కొత్త సారు చేతులు ఊపుతూ పాఠం చెబుతున్నాడు. ఆ గొంతు డాబా దాకా వస్తున్నది. మైకు బల్ల మీద పక్కకు పడేసి ఉంది.

ఉమాకాంత్ మర తిప్పడం ఆపాడు. అలాగే వంగి కాసేపు ఉండిపోయాడు. గోడ అంచు పొట్టలో గుచ్చుకుంటున్నా లేవబుద్ధి కాలేదు. లేస్తే, తోచిన విషయాన్ని తెర మీద చూసుకోవలసి వస్తుంది.

రిసీవరు సొంత రొద కొలవాలంటే యాంటెనా విప్పి, ఆ మూతికి చిన్న ఇత్తడి మూత బిగించాలి. బయటి గాలిలోది ఏదీ లోపలికి రాకూడదు. ఈ మాట ఆయన ప్రతి ఏడూ బీటెక్ పిల్లలకు బోర్డు మీద గీత గీసి మరీ చెబుతాడు. మిగతా మూడింటికీ తను అలాగే చేశాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి జల్లు పడుతున్నది, గోడ జారుతున్నది, అంత కిందికి వంగడం ఎందుకనిపించింది. పొద్దున కాలేజీకి పోయేముందు చూస్తే దారి ఖాళీగానే ఉంది కదా, యాంటెనా ఉంచి కొలిచినా ఒకటే అనుకున్నాడు. కొలిచింది సాయంత్రం. సాయంత్రం దమయంతి క్లాసు. ఆ వైర్‌లెస్ మైకు నడిచేదీ ఈ రేడియో దారిలోనే. దాని పలుకు మూడో యాంటెనాకు ఒక్కదానికే అందుతుంది, మిగతావాటికి నీళ్ల ట్యాంకూ మెట్లగదీ అడ్డం. ఆమె మాట్లాడుతున్నదంతా మూడో రిసీవరు సొంత రొద కింద రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఎంత మాట్లాడినా ఆయన పద్ధతికి అది మామూలు రొదే. ఇన్నాళ్లూ వినడమే చేసిన ప్రయోగానికి ఈ వారమే ట్రాన్స్‌మిటర్ కలిపాడు; దారి ఖాళీ అని తేల్చి అది ఆమె మాట మీద మాట్లాడింది. తను ఆపి దిగి వచ్చిన రోజు మైకు బాగుండక ఏం చేస్తుంది?

అయినా ఇంకా కొంచెం ఆశ ఉంది ఆయనకు. పొరపాటు పడి ఉండొచ్చు అనుకున్నాడు. మెట్లగదిలోకి వచ్చి, మైకు రెండోసారి పోయిన మంగళవారం నాటి రికార్డింగు తీసి, దాన్ని మాటగా మార్చాడు. ఇది కూడా బీటెక్ పిల్లలకు ఆయన చేయించే మొదటి ప్రయోగమే. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ట్రాన్స్‌మిటర్ పలికిన చోటల్లా ఖాళీ. మధ్యమధ్య ముక్కలుగా దమయంతి గొంతు.

"...అరవై తొమ్మిదిల ఉద్యమం... వెనక ఇనవడుతున్నదా?... సార్ చెప్పినట్లే పట్టుకున్న... ఇప్పుడు? ఇప్పుడు ఇనవడుతున్నదా?"

ఉమాకాంత్ హెడ్‌ఫోన్లు తీసేశాడు. మెట్లగదిలో ఎవరూ లేరు. అయినా ముఖం వేడెక్కింది. సిగ్గు వేసింది, చిన్నప్పుడు తప్పు చేసి దొరికితే వేసేలాంటి సిగ్గు.

శుక్రవారం పొద్దున మాధురి మేడంకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె గట్టిగానే కోప్పడింది. వానాకాలం నుంచి తీసిన డేటా అంతా పక్కన పెట్టమంది, సెమినార్ రద్దు చేయిస్తానంది, ప్రయోగానికి అనుమతి ఇచ్చినవాళ్లకు జరిగింది రాసి పంపాలంది. ట్రాన్స్‌మిటర్ ఇక ముట్టుకోవద్దంది. ఉమాకాంత్ అన్నిటికీ సరే మేడం అన్నాడు. విచిత్రమేమిటంటే ఆ తిట్లు తింటుంటే ఆయన ప్రాణం కుదుటపడింది. థీసిస్ ఏడాది వెనక్కి పోయిందంటే తగిన శిక్ష పడినట్టే అనిపించింది. ఇక దమయంతి సంగతి. ఆమె ఎట్లాగూ వెళ్లిపోయింది, మైకు ఎట్లాగూ వాడటం లేదు, ఇప్పుడు చెప్పి ఎవరికి ఒరిగేదేముంది అని కాలేజీకి పోయే దారంతా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

సాయంత్రం నర్మదకు జరిగిందంతా చెప్పాడు. రొద గురించి, ఇత్తడి మూత గురించి, సెమినార్ గురించి. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"ఆమెకు చెప్పిండ్రా?"

ఉమాకాంత్ లేచాడు. చెప్పులు వేసుకుని విఠల్ దగ్గరికి వెళ్లాడు.

విఠల్ అంతా విని తేలిగ్గా తీసుకున్నాడు. పోనియ్యండి సార్, మీరేం కావాలని చేసిండ్రా అన్నాడు. కొత్త సారు బాగా చెబుతున్నాడని, పిల్లలు ఖుషీగా ఉన్నారని, ఆమె గొంతు ఎట్లాగూ సన్నదేనని అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఉమాకాంత్ ఆ చాయ్ తాగాడు. తాగినందుకు తర్వాత తనను తాను తిట్టుకున్నాడు. లేచేటప్పుడు దమయంతి ఎక్కడుంటుందో అడిగి తెలుసుకున్నాడు.

అశోక్‌నగర్‌లో ఆమె ఉండే లేడీస్ హాస్టల్ మెట్ల నిండా చెప్పులే. కింద నిలబడి ఫోన్ చేస్తే దిగి వచ్చింది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. వేరే చోట పేపర్లు దిద్దే పని దొరికిందని, క్లాసులు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదని అడక్కుండానే చెప్పింది. చిక్కడపల్లిలో ఆమె క్లాసులోంచి పిల్లలు లేచి వెళ్లిపోయారన్న మాట అన్ని కోచింగులకూ పాకిందట. ఏ సారు ముందు కూర్చున్నా మొదటి ప్రశ్న అదేనట. ఉమాకాంత్ తన స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని, నేల చూస్తూ, వచ్చిన పని చెప్పాడు. అయిపోయాక ఆమె కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడింది.

"మీరు చెప్పిన నాడు రూముకొచ్చి దువ్వెన పట్టుకొని ప్రాక్టీస్ చేసిన సార్. అద్దం ముందట నిలవడి. నాదే తప్పనుకున్న."

ఉమాకాంత్ సారీ మేడం అన్నాడు. ఆ మాట తనకే పలచగా వినబడింది.

"మిషన్‌కు తెల్వలే, సరే. మీకు గూడ తెల్వలే, సరే" అంది దమయంతి. గొంతు పెంచలేదు. "తెల్వకుంటనే తెల్సినట్లు చెప్పిండ్రు గద, నా చేతిలకెంచి మైకు గుంజుకొని. పిల్లలు నవ్విండ్రు. నాకు గాదు సార్, ఆ పిల్లలకు చెప్పుండ్రి."

రేపు సాయంత్రం చెబుతాను, మీరు కూడా రండి అన్నాడాయన. ఆమె పెన్నుకు మూత పెట్టి మెట్లెక్కింది.

శనివారం విఠల్ పది నిమిషాలు ఇవ్వడానికి ఏమీ బెట్టు చేయలేదు. వైర్‌లెస్ సారు వచ్చి సైన్సు విషయం చెబుతానంటే కోచింగ్‌కే పేరు కదా. కొత్త సారు చాయ్ తాగడానికి కిందికి వెళ్లాడు. ఉమాకాంత్ మైకు అందుకున్నాడు. చివరి బెంచీలో, తలుపు పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని దమయంతి కూర్చుని ఉంది. ఆమెను చూశాక చెప్పాలనుకున్న మొదటి మాట పక్కకు తప్పుకుంది. ఆ మాట బదులు ఆయనకు బాగా అలవాటైన మాట బయటికి వచ్చింది.

"మీరందరు సిటీ బస్సు ఎక్కుతరు గద" అని మొదలుపెట్టాడు.

బస్సులో స్త్రీలకు కేటాయించిన సీట్లుంటాయి. ఖాళీగా ఉంటే మగవాళ్లు కూర్చోవచ్చు, ఆడమనిషి వస్తే లేవాలి. రేడియో దారులు కూడా అంతే, తన మిషన్ చేసేది అదే పని అన్నాడు. మరి నా మిషన్ ఏం చేసిందో తెలుసా, పక్కన ఆడమనిషి నిలబడి లేవమంటుంటే అది బస్సు కిటికీల చప్పుడు అనుకుని దర్జాగా కూర్చున్నది అన్నాడు. హాలు గొల్లుమంది. ఉమాకాంత్‌కి ఊపు వచ్చింది. రొద అంటే ఏమిటో, ఎగుడుదిగుడు రొద ఎందుకు ప్రమాదమో, ఇత్తడి మూత ఎందుకు బిగించాలో బోర్డు మీద నాలుగు గీతలు గీసి చెప్పాడు. కొలిచేటప్పుడే తప్పు కొలిస్తే తర్వాత ఎంత తెలివి ఉన్నా వినబడదు, మైకు పోయింది అందుకే, తప్పు నా ప్రయోగానిది అని ముగించాడు. చప్పట్లు మోగాయి. వెనక బెంచీల్లో కూడా కొట్టారు. ఒకతను లేచి, సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్లో ఇది వస్తదా సార్ అని అడిగాడు. విఠల్ ముందుకొచ్చి, సార్ ఆదివారాలు మనకు క్లాసులు తీసుకోవాలని అందరి తరఫునా కోరుతున్నా అన్నాడు. మళ్లీ చప్పట్లు.

ఉమాకాంత్‌కి సంతోషం వేసింది. ఒక్క క్షణమే గానీ, నిజంగా వేసింది. ఆ క్షణంలో ఆయన ఏ ఆదివారం వీలవుతుందో కూడా ఆలోచించాడు. అప్పుడు చివరి బెంచీలో దమయంతి లేచి సంచి భుజానికి తగిలించుకోవడం కనబడింది. తను చెప్పిన పాఠం మొత్తంలో ఆమె పేరు ఒక్కసారి కూడా రాలేదని అప్పుడు తెలిసింది. ప్రయోగానిది తప్పన్నాడు, మిషన్‌ది తప్పన్నాడు. నవ్వించాడు కూడా. ఇదే హాల్లో, ఇదే పిల్లల్ని, ఇదే మైకు పట్టుకుని.

"ఇంకొక్క మాట" అన్నాడు. విఠల్ చేత్తో ఇక చాలన్నట్టు సైగ చేశాడు. ఉమాకాంత్ అటు చూడలేదు.

"ఆ నాడు దమయంతి మేడం మైకు సరిగ్గనే పట్టుకున్నరు. నాకు కారణం తెల్వలే. తెల్వదని చెప్పుటానికి నామోషీ అనిపించి, మేడం చేతిలకెంచి మైకు గుంజుకొని మేడందే తప్పని చెప్పిన. మీరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. మేడం క్లాసు పోయింది నా మాట వల్ల."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రాక్టికల్స్ పెట్టాలన్న కుర్రాడెవరో గానీ, వెనక బెంచీల్లో చాలామంది తలలు వంచుకున్నారు. ముందు బెంచీ ఆడపిల్లలు మాత్రం వెనక్కి తిరిగి దమయంతిని చూశారు. ఉమాకాంత్ మైకు బల్ల మీద పెట్టాడు. బోర్డు తుడిచాడు. తుడవడానికి ఏమీ మిగలకపోయినా కాసేపు అటే తిరిగి తుడుస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర విఠల్ దమయంతిని ఆపి మాట్లాడుతున్నాడు. ముందు బెంచీ పిల్లలు ఇద్దరు ముగ్గురు అప్పటికే విఠల్ చుట్టూ చేరి ఏదో గట్టిగా అడుగుతున్నారు. మేడం, అయిందేదో అయింది, సోమవారం నుంచి మీ క్లాసు మీరే తీసుకోండి అంటున్నాడు విఠల్. ఆలోచించి చెప్త సార్ అంది దమయంతి. ఆ జవాబు విఠల్‌కి అలవాటు లేనిది. ఇంకేమీ అనలేక హాల్లోకి వెళ్లాడు.

ఉమాకాంత్ దారి ఇస్తూ గోడకు ఒదిగి నిలబడ్డాడు. ఆమె రెండు మెట్లు దిగి ఆగింది. థాంక్స్ అంటుందేమోనని ఆయనకు భయం వేసింది.

"మీరు బస్సు ముచ్చట చెప్పినప్పుడు నేను గూడ చప్పట్లు కొట్టిన సార్" అంది దమయంతి. "మస్తు చెప్తుండ్రు అనుకున్న. కొట్టినంక యాదికొచ్చింది, ఆ బస్సుల నిలవడ్డది నేనే అని."